నాలుగు నిమిషాల దారి

దాన్ని విమానాశ్రయం అని మొదట ఎవరన్నారో గానీ వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. గాల్వే తీరానికి అవతల, అట్లాంటిక్ నీళ్ళ మధ్య, రాతిగోడలే తప్ప చెట్టు కనిపించని పెద్ద దీవి మీద ఒక తారు చార. చార పక్కన మన బస్ షెల్టరంత గది. గదిలో ఒక బల్ల, ఒక కెటిల్, కిటికీ కింద ఒక బెంచీ, మూలన పెద్ద కాటా. వచ్చేది ఎనిమిది మంది పట్టే బుల్లి విమానం కాబట్టి ఎక్కబోయే ప్రతి మనిషీ ముందు ఆ కాటా ఎక్కాల్సిందే. ఎవరి బరువెంతో చూసి, అటొకరిని ఇటొకరిని సర్ది కూర్చోబెడతారు.

ఆ శుక్రవారం సాయంత్రం డాక్టర్ ఊర్మిళ ఆ కాటా ఎక్కి నిలబడింది. ఒంటిమీద పట్టుచీర, పైన మోకాళ్ళ దాకా వాన కోటు, కాళ్ళకు బూట్లు, అరచేతుల నిండా పండిన గోరింటాకు. ఆ చేతుల్లో మూతకి గుడ్డ కట్టిన స్టీలు డబ్బా.

"డబ్బా కూడా తూచాలా?" అని అడిగింది.

"పిల్లిపిల్లనైనా తూచాలి డాక్టర్," అంది నోరా. ఆ విమానాశ్రయానికి సర్వాధికారి నోరాయే. టికెట్టు రాసేదీ ఆవిడే, సామాను మోసేదీ ఆవిడే, రన్‌వే మీదికొచ్చిన గొర్రెల్ని తోలేదీ ఆవిడే. "ఏముంది ఇందులో, ఇంత బరువుంది?"

"అట్లు. మా పండగకి చేసుకునే పాన్‌కేక్‌లు అనుకోండి."

ఆ రోజు అట్లతద్ది. పెళ్ళయిన ఏడాది నుంచి ఊర్మిళ ఒక్క ఏడూ ఆ నోము తప్పలేదు. తను పనిచేసే ములింగార్ ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ పడిన ఏడు కూడా కార్ పార్కింగ్‌లో నిలబడి చంద్రుణ్ణి చూసి, అక్కడే తోటి డాక్టరమ్మ చేతిలో వాయనం పెట్టింది. మొగుడి క్షేమం కోసం చేసే నోము. మానేస్తే ఏమవుతుందని తన డాక్టరు బుర్రను అడిగితే ఏమీ కాదనే చెబుతుంది. కానీ రెండేళ్ళ క్రితం మొగుడు అనంతరామ్‌కి, నలభై కూడా నిండకుండానే, గుండెకి స్టెంటు వేయాల్సి వచ్చింది. ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె చదివిన చదువంతా ఎటో పోయి, ఈ నోమొక్కటే చేతికి దొరికింది. అప్పటి నుంచి దాని మీద పట్టు ఇంకా పెరిగింది.

ఇక ఈ నోముకో మెలిక ఉంది. తెల్లవారక ముందే లేచి గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, ఉయ్యాల ఊగి, రోజంతా ఉపవాసం ఉండి, చంద్రుడొచ్చాక పది అట్లు ఒక ముత్తైదువకి వాయనం ఇవ్వాలి. ఆ ముత్తైదువ కూడా మనతో పాటే ఉపవాసం ఉండాలి. మన వాయనం అందుకున్నాకే ఆమె నోట్లో ముద్ద పెట్టుకుంటుంది. వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోయేది కాదు, కొంగు పట్టి చేతికి చెయ్యి తగిలేలా ఇవ్వాలి.

ఈ సముద్రంలో అలాంటి ముత్తైదువ ఎక్కడ దొరుకుతుందీ అంటే, దొరికింది. పక్కనే ఉన్న చిన్న దీవిలో శ్రీలేఖ ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీలో ఊర్మిళకి జూనియర్, ఏడాదిగా ఆ దీవికి డాక్టరు. పెద్ద దీవి డాక్టరు సెలవు మీద వెళ్తున్నాడు, రెండు వారాలు నువ్వు రాకూడదా అక్కా అని ఊర్మిళని పిలిపించిందీ ఆ పిల్లే. ఊర్మిళ డ్యూటీ శుక్రవారం మధ్యాహ్నంతో అయిపోయింది. శ్రీలేఖకేమో ఆ దీవిలో తనొక్కతే డాక్టరు గనక కదలడానికి లేదు. కాబట్టి ఊర్మిళే వెళ్ళాలి. మెయిన్‌ల్యాండ్‌లో నేస్ ఊళ్ళో ఇంటి దగ్గరున్న మొగుడికీ ఎనిమిదేళ్ళ కూతురు లోహితకీ అట్లతద్ది అయ్యాకే ఇంటికొస్తానని చెప్పేసింది.

ఎలా వెళ్ళాలి అన్నది ఆమెకి ప్రశ్నే కాలేదు. వారం క్రితం ఫోన్‌లో వెతికితే మొట్టమొదటే ఒక పేజీ వచ్చింది. పైన ముద్దుగా నీలం రంగు విమానం బొమ్మ. కింద పెద్దక్షరాల్లో రెండు దీవుల విమానాశ్రయాల పేర్లు. దూరం ఇంత, ప్రయాణ సమయం నాలుగు నిమిషాలు, రోజూ విమానాలు ఉన్నాయి, హాయిగా ప్రయాణించండి. ఆ పేజీ చూసి ఇద్దరు డాక్టర్లూ ఫోన్‌లో నవ్వుకున్నారు; ఎప్పుడూ పడవ మీదే తిరిగే శ్రీలేఖకి కూడా అనుమానం రాలేదు. తెనాలి బస్టాండులో రోడ్డు దాటడానికి ఇంతకంటే ఎక్కువ సేపు పడుతుందనుకున్నారు. ఈ దీవిలో టికెట్లన్నీ బల్ల దగ్గరే ఇస్తారు కాబట్టి ముందుగా ఎవరినీ అడగాలని కూడా తోచలేదు.

"గ్రాండ్, సరిపోయింది," అంది నోరా కాటా మీది అంకె చూసి. "మెయిన్‌ల్యాండ్‌కి ఒకరు. ఇదే ఆఖరి విమానం."

"మెయిన్‌ల్యాండ్‌కి కాదు, చిన్న దీవికి."

నోరా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఊర్మిళని ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. "నీలం విమానం బొమ్మ ఉన్న పేజీయేనా?" అని అడిగింది.

"అవును. మీకెలా తెలుసు?"

నోరా కిటికీ అద్దం వైపు వేలు చూపించింది. అక్కడ ఒక అట్ట అతికించి ఉంది. లావు స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు వర్షానికి కాస్త కరిగిపోయాయి. ఇక్కడి నుంచి మిగతా దీవులకి విమానాలు లేవు, ఎప్పుడూ లేవు, ఆ వెబ్‌సైటు చెప్పేది నమ్మకండి అని ఉంది. వచ్చేటప్పుడు ఊర్మిళ దాని పక్క నుంచే వచ్చింది, కానీ ఆమె కళ్ళు డబ్బా ఒరగకుండా చూసుకోవడం మీదే ఉన్నాయి.

"ఇక్కడి విమానం మెయిన్‌ల్యాండ్‌కి పోతుంది, వస్తుంది. చిన్న దీవి విమానం కూడా అంతే," అంది నోరా. "ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవాలంటే మెయిన్‌ల్యాండ్‌లో దిగి ఇంకో విమానం ఎక్కాలి. చిన్న దీవికి పోయే ఆఖరి విమానం ఈపాటికి వెళ్ళిపోయింది. ఇక రేపు పొద్దున్నే."

కిటికీలోంచి చూస్తే చిన్న దీవి అదిగో, ఎదురుగానే ఉంది. తెల్లటి ఇళ్ళు కనిపిస్తున్నాయి. వాటిలో ఏదో ఒకదాంట్లో శ్రీలేఖ పీట వాల్చి, పసుపు గౌరమ్మని చేసి, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుని ఉంది.

"పడవ?"

నోరా మొగుడు మార్టిన్‌కి చేపల పడవ ఉంది. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. అవతల ఆయన రెండు ముక్కలే మాట్లాడాడు. ఈ అలల్లో పడవ దించితే మనం పండగ చేసుకోవడం కాదు, మనకే దినాలు చేయాల్సి వస్తుందన్నాడట. ఊర్మిళ సముద్రం వైపు చూసింది. రెండు దీవుల మధ్య నీళ్ళు తెల్లగా పొర్లుతున్నాయి. ఆ పేజీలో దూరం ఉంది, సమయం ఉంది, ఇంత సముద్రం మాత్రం లేదు.

ఆఖరి విమానం వచ్చింది, ముగ్గురిని ఎక్కించుకుని మెయిన్‌ల్యాండ్ వైపు ఎగిరిపోయింది. ఊర్మిళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. శ్రీలేఖకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"అదేంటక్కా, రోజూ విమానాలున్నాయని అంత క్లియర్‌గా రాశారుగా!" అంది శ్రీలేఖ.

"రాశారే! రాసినోడి చేతులు విరగ్గొట్టాలి. నువ్వేమన్నా తినేయ్ శ్రీలేఖా. పేషెంట్లని చూడాల్సినదానివి."

"బాగుందక్కా. వాయనం పుచ్చుకోకుండా ఎట్టా తినేది? మా అమ్మకి తెలిస్తే ఇక్కడిదాకా వచ్చి తంతది. నేనుంటాలే, నువ్వు చూడు."

ఊర్మిళకి కళ్ళు చెమర్చాయి. తన మాట నమ్మి ఆ పిల్ల కడుపు మాడ్చుకుంటోంది. సంగతేమిటని అడిగిన నోరాకి నోము గురించి అంతా చెప్పింది. నోరా ఒక కప్పు టీ తెచ్చి పెట్టి, ఆమె తాగదని గుర్తొచ్చి మళ్ళీ తనే తీసుకుంది. ఉపవాసమున్న పెళ్ళయిన ఆడమనిషే కదా కావాల్సింది, నేను పనికొస్తానా అని అడిగింది. మధ్యాహ్నం ఏమైనా తిన్నారా అంటే హామ్ శాండ్‌విచ్ తిన్నానంది. అంత కోపంలోనూ ఊర్మిళకి నవ్వొచ్చింది. పనికిరాదని తల ఊపింది.

"మీరు నయం డాక్టర్," అంది నోరా, కప్పు పట్టుకుని పక్కన కూర్చుంటూ. "ఎండాకాలంలో వారానికొకరైనా వస్తారు ఆ పేజీ పట్టుకుని. సూట్‌కేసులతో హనీమూన్ జంటలు, సైకిళ్ళవాళ్ళు. వాళ్ళు తిట్టుకుని, బీరు తాగి మర్చిపోతారు. సెప్టెంబర్‌లో మాత్రం బోస్టన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది."

ఆ పెద్దావిడ పుట్టింది చిన్న దీవిలో. చిన్నతనంలోనే అమెరికా వెళ్ళిపోయింది. అక్క చనిపోయిందని తెలిసి బయల్దేరింది. ఆవిడ వెళ్ళేనాటికి ఈ దీవుల్లో విమానాలే లేవు, కాబట్టి ఇంటర్నెట్‌లో ఏది రాస్తే అదే నమ్మింది. పెద్ద దీవిలో ఉన్న అన్నయ్యని ఎక్కించుకుని నాలుగు నిమిషాల్లో అక్క దగ్గరికి వెళ్ళచ్చని, నేరుగా ఇక్కడికొచ్చింది. ఆ పేజీ కాగితం మీద అచ్చు వేయించి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. ఆ రోజు కూడా ఇలాగే గాలి, పడవలు కదల్లేదు.

"మీరు కూర్చున్న ఈ బెంచీ మీదే కూర్చుంది," అంది నోరా. "అన్నాచెల్లెళ్ళిద్దరూ. మర్నాడు పొద్దున అదిగో, ఆ చర్చి పక్కన సమాధి చేశారు. వీళ్ళు మెయిన్‌ల్యాండ్ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి మట్టి కప్పేశారు. ఆవిడ నన్నేమీ అనలేదు. మూడు వేల మైళ్ళు వచ్చాను, ఆఖరి తొమ్మిది తప్పిపోయాయి అంది, అంతే."

"మీరు ఆ వెబ్‌సైటు వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పకేం? రెండేళ్ళుగా రాస్తున్నాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని ప్రతిసారీ జవాబొస్తుంది. జవాబు రాసేది కూడా మనిషి కాదనుకుంటా."

ఊర్మిళకి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటిదాకా తన నోము, తన అట్లు, తన ముత్తైదువ అనుకుంటూ ఉడుక్కుంది. ఇప్పుడా ఉడుకు వేరుగా ఉంది. ఆసుపత్రిలో ఒక మందు డోసు తప్పు రాస్తే సంజాయిషీ చెప్పుకోవాలి, సంతకం ఉంటుంది, పేరుంటుంది. ఈ పేజీ రాసినవాడికి పేరు లేదు, ఊరు లేదు, సిగ్గు లేదు. ఎవరి మీద అరవాలో తెలియక మొగుడికి వీడియో కాల్ చేసింది. పదేళ్ళ కాపురంలో అదీ ఒక అలవాటే.

"ఏమండీ, మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బుద్ధీ జ్ఞానం ఉంటాయా?" అని మొదలుపెట్టింది. అనంతరామ్ నేస్‌లో ఇంట్లోనే ఉన్నాడు, లోహితకి దోసె వేస్తున్నాడు. ఏదో ట్రావెల్ డేటా కంపెనీలో పని చేస్తాడని తప్ప అతని ఉద్యోగం గురించి ఊర్మిళకి ఎక్కువ తెలియదు. పది వెబ్‌సైట్లకి పది పేర్లతో ఏవో అమ్ముతారట. ఆమె విమానం సంగతి, శ్రీలేఖ సంగతి, బోస్టన్ పెద్దావిడ సంగతి ఏకబిగిన చెప్పేసింది. అతను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా అయితే ఈపాటికి ఏదో ఒక హాస్యం ఆడేవాడు.

"ఏంటండీ, ఉలుకూ పలుకూ లేదు?"

ఫోన్‌లోకి లోహిత తల దూర్చింది. "ఇజ్ ఇట్ ద వన్ విత్ మై ప్లేన్, అమ్మా?" అంది. "డ్యాడ్ పుట్ మై ప్లేన్ ఆన్ ఆల్ ఆఫ్ దెమ్. మిలియన్స్ ఆఫ్ దెమ్, లైక్!"

నీలం విమానం. రెక్క ఒకటి కిందికి వాలిన విమానం. మూడేళ్ళ కిందటి వేసవిలో లోహిత క్రేయాన్లతో గీస్తే, నాన్న ఫోటో తీసుకుని ఆఫీసులో పెట్టుకుంటానన్నాడు. ఎక్కడో చూసినట్టుందని ఆమెకి పేజీ చూసినప్పుడే అనిపించింది కూడా.

"లోహీ, నువ్వెళ్ళి దోసె తిను," అన్నాడు అనంతరామ్. తర్వాత గొంతు తగ్గించి, "ఊర్మీ, అది మాదే," అన్నాడు.

"మీదంటే?"

"మా టీమ్‌ది. చూడు, ఆ పేజీలు నిజానికి మనుషులు చదవడానికి కాదు. సెర్చ్‌లో పైకి రావడానికి. ప్రపంచంలో ఉన్న ఎయిర్‌పోర్టులన్నిటినీ రెండేసి జత కలిపితే ప్రోగ్రామే పేజీ రాసేస్తుంది. మధ్యలో దూరం లెక్క కట్టి స్పీడుతో భాగిస్తుంది, అంతే."

"రెండు చుక్కలు పెట్టి గీత కలపడమా? అది మన లోహిత ముగ్గులో కూడా చేస్తుంది. దానికి ఇంజనీరింగ్ ఎందుకు? మనుషులు చదవడానికి కాకపోతే మరి నేనెవర్ని? ఆ బోస్టన్ ఆవిడెవరు?"

"అది కాదు ఊర్మీ..."

"రోజూ విమానాలు ఉన్నాయి అని రాశారే, అది కూడా ప్రోగ్రామే రాసిందా?"

"అది టెంప్లేట్. అన్ని పేజీలకీ ఒకటే వాక్యం. ఎక్కువ జతలకి విమానాలు ఉంటాయి కదా అని..."

"ఆ వాక్యం ఎవరు రాశారు?"

"నేనే."

ఊర్మిళ ఫోన్ పెట్టేసింది. పొద్దుటి నుంచి ఎవరి గుండె నిండు నూరేళ్ళూ కొట్టుకోవాలని గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉందో, ఆ మహానుభావుడే తనని ఈ బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉందా? ఏడవాలో నవ్వాలో తెలియక పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. భాష తెలియకపోయినా నోరాకి ఏదో జరిగిందని అర్థమైంది. ఏమిటన్నట్టు చూసింది.

ఊర్మిళకి తల కొట్టేసినట్టయింది. అయినా దాచలేదు. "ఆ పేజీ రాసింది నా భర్త," అంది.

తిడుతుందేమో, మొహం తిప్పుకుంటుందేమో అనుకుంది. నోరా కప్పు కింద పెట్టింది.

"అయితే మీ దగ్గర ఆయన నంబరుంది," అంది నెమ్మదిగా. "రెండేళ్ళుగా నేను వెతుకుతున్నది ఆ నంబరే డాక్టర్."

అంతలో చిన్న దీవి వెనక నుంచి చంద్రుడొచ్చాడు. తదియ చంద్రుడు, అంచు కాస్త అరిగి, ఎర్రగా, నీళ్ళు కారుతున్నట్టు లేచాడు. ఊర్మిళ బయటికెళ్ళి, బూట్లు విప్పి, తడి గడ్డి మీద నిలబడి దణ్ణం పెట్టుకుంది. గాలికి చీర కుచ్చిళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ క్షణంలో శ్రీలేఖ కూడా ఆ చంద్రుణ్ణే చూస్తూ ఉంటుంది. మధ్యలో ఉన్నవి ఆ తొమ్మిది మైళ్ళే. ఫోన్ మోగింది.

"చంద్రుడొచ్చాడు కదా, ఇక తిను ఊర్మీ," అన్నాడు అనంతరామ్. "నన్ను తర్వాత ఎంతైనా తిట్టు. ముందు ఏదైనా తిను, ప్లీజ్."

"తినను."

"వాయనం పొద్దున ఇద్దువుగాని..."

"వాయనం సంగతి కాదు. ఇందాకటి దాకా మీ కోసం ఉపవాసం ఉన్నాను. ఇప్పటి నుంచి మీ మీద ఉంటున్నాను. ఆ పేజీ తీసేదాకా నేను తినను, నేను వాయనం ఇచ్చేదాకా అక్కడ శ్రీలేఖ తినదు. అది పడిపోతే చూడ్డానికి ఆ దీవిలో ఇంకో డాక్టరు లేడు. తర్వాత మీ ఇష్టం."

"ఇవాళ శుక్రవారం సాయంత్రం! శుక్రవారం సాయంత్రం ఎవరూ ఏదీ ముట్టుకోరు ఊర్మీ, ఏదైనా పగిలితే శని ఆదివారాలు చూసేవాడు ఉండడు. మేనేజర్‌ని అడగాలి, అతను సోమవారం గానీ..."

"సోమవారం దాకా ఉంటాను."

పదేళ్ళుగా ఆమెతో కాపురం చేస్తున్నాడు గనక ఆ మాట ఉత్తిది కాదని అతనికి తెలుసు. సరేనని ఫోన్ పెట్టేశాడు.

నోరా గదికి తాళం వేయాల్సిన వేళ దాటిపోయింది. అయినా వేయలేదు. హీటరు దగ్గరికి జరిపి, మార్టిన్‌కి ఫోన్ చేసి బంగాళాదుంపలు ఉడకబెట్టుకోమని చెప్పి, తనూ బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి ఊర్మిళ ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "తీసేశాను, చూడు." ఆమె ఆ పేజీ తెరిచింది. నీలం విమానం లేదు. ఈ పేజీ అందుబాటులో లేదు అని ఒక్క ముక్క ఉంది. నోరా తొంగి చూసి, రెండు చేతులూ జోడించింది.

ఊర్మిళ మాత్రం మొహం విప్పలేదు. చిన్న దీవి పేరు తీసేసి, ఆ పక్కన ఉన్న మూడో దీవి పేరు కొట్టింది. నీలం విమానం కులాసాగా రెక్క వాల్చుకుని వచ్చింది. ప్రయాణ సమయం మూడు నిమిషాలు. రోజూ విమానాలు ఉన్నాయి. హాయిగా ప్రయాణించండి.

ఈసారి ఆమె మొగుడికి ఫోన్ చేసి అరిచిన అరుపుకి బయట రన్‌వే మీది గొర్రె ఒకటి తలెత్తి చూసింది.

"నాకోసం ఒక్క పేజీ తీశారా? పెళ్ళాం కడుపు మాడుతోందని పెళ్ళాం దారి ఒక్కటీ బాగు చేశారా? ఆ బోస్టన్ ఆవిడ ఎవరి పెళ్ళామండీ? నోరా రాసిన ఉత్తరాలన్నీ ఎవరి ఇంటికొచ్చాయి?"

"ఆ ఇన్‌బాక్స్ ఎవరూ చూడరు ఊర్మీ."

"మీరు చూడండి. ఇప్పుడే చూడండి. నేను లైన్లోనే ఉంటాను."

చాలాసేపు కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత అదీ ఆగిపోయింది. అతను ఏదో చదువుతున్నాడని ఆమెకి అర్థమైంది. నోరా ఒక్కతే కాదట. ఎక్కడెక్కడి దీవుల నుంచో, కొండ ఊళ్ళ నుంచో జనం రాశారట. పరీక్ష వేళకి అందుకోలేకపోయినవాళ్ళు, ఆసుపత్రికి చేరలేనివాళ్ళు. ఒక తండ్రి తన కొడుకు పెళ్ళికి అందలేదని రాశాడట. అన్నిటికీ అతని కంపెనీ ఒకటే జవాబు పంపింది, మీ అభిప్రాయం మాకు విలువైనదని. అనంతరామ్ అవి ఒక్కొక్కటే బయటికి చదువుతున్నాడు. కొన్నాళ్ళ కిందటిదొకటి చదవబోయి ఆగిపోయాడు.

"బోస్టన్," అన్నాడు. "ఆవిడ కూడా రాసింది ఊర్మీ. తిట్టలేదు. అక్క పేరు చెప్పి, ఇంకెవరికీ ఇలా జరగకుండా ఆ వాక్యం తీసేయమని అడిగింది." తర్వాత, "కింద నా ఆటోమేటిక్ జవాబు ఉంది. బొమ్మతో సహా," అన్నాడు.

మళ్ళీ కీబోర్డు చప్పుడు మొదలైంది, ఈసారి వేగంగా. నోరా హీటరు పెంచింది. చంద్రుడు ఎరుపు తగ్గి, తెల్లబడి, పైకొచ్చాడు.

"అయిపోయింది," అన్నాడు చివరికి. "ఒకటీ రెండూ కాదు. నిజంగా విమానం నడుస్తోందని తెలిసినవి తప్ప అన్నీ దించేశాను. లోహిత బొమ్మ కూడా తీసేశాను. మేనేజర్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఎత్తలేదు. సోమవారం ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు."

ఊర్మిళ మూడో దీవి పేరు మళ్ళీ కొట్టి చూసింది. ఏమీ లేదు. గుర్తొచ్చిన దీవుల పేర్లన్నీ కొట్టి చూసింది. నోరా కూడా తనకి తెలిసినవి చెప్పింది. ఎక్కడా ఏమీ లేదు. నోరా లేచి, కిటికీకి అతికించిన అట్ట పీకబోయి, ఎందుకైనా మంచిదని అలాగే ఉంచేసింది.

"మీరేమైనా తిన్నారా?" అని అడిగింది ఊర్మిళ. కోపం తగ్గి అడగలేదు. గుండె మందు ఖాళీ కడుపున వేసుకోకూడదు గనక అడిగింది. కనీసం తనకి తను అలా చెప్పుకుంది.

"లేదు. దోసె పెనం మీదే మాడిపోయింది."

"ముందు తిని మందు వేసుకోండి. తెల్లారగట్ట మొదటి విమానానికి నేను మెయిన్‌ల్యాండ్‌లో దిగుతాను. అక్కడి నుంచి చిన్న దీవికి పోయే విమానం ఎక్కుతాను. మీరూ లోహితా కారేసుకుని అక్కడికి రండి, ముగ్గురం కలిసి వెళ్దాం. శ్రీలేఖ చేతిలో వాయనం పెట్టి, ఆ పిల్ల తిన్నాక, నేను తింటాను."

"నువ్వు తినకుండా నేనెలా తినను? నేనూ అప్పుడే తింటాను."

"డాక్టరుగా చెప్తున్నాను, తిని మందేసుకోండి," అంది ఊర్మిళ. డబ్బా మూత మీద గుడ్డ సరిచేసి ముడి బిగించింది. "మీ గుండె కోసమే కదా ఇదంతా. ఇంకో మాట. కంగారుపడి అర్ధరాత్రే బయల్దేరి వచ్చేస్తారేమో, ఆ ఫోన్ చూసుకుంటూ రాకండి. గాల్వే దాకా వచ్చి, ఆగి, మనుషుల్ని అడిగి రండి."